ఇరవై ఆరో లైను

సినిమాలకు మార్కులు వేసే మనిషికి సినిమా చూసే తీరిక ఉండదు. ఆ సినిమా వారపత్రిక ఆఫీసులో, రెండో అంతస్తు మూలగదిలో కూర్చునే ఆవిడ సంగతి సరిగ్గా అదే. ఆవిడ అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది, దాంతో ఎవరికీ పని పడలేదు. అందరికీ ఆమె పట్టికక్క. ఏడాది పొడుగునా విడుదలైన సినిమాలన్నిటినీ తూకం వేసి, డిసెంబరు ఆఖరి సంచికలో మొదటి ఇరవై ఐదింటినీ వరసపెట్టి అచ్చువేసే పని ఆమెది. పంతొమ్మిదేళ్ళుగా ఆమెదే.

తూకం వందకి. కలెక్షన్లకు నలభై, రివ్యూలకు నలభై, అవార్డులకు ఇరవై. కలెక్షన్లంటే జనం ఇచ్చినదని అనుకునేరు, హాళ్ళవాళ్ళు చెప్పినది. రివ్యూలంటే పత్రికలవాళ్ళు వేసిన చుక్కల సగటు. అవార్డు ఒక్కోదానికి నాలుగు మార్కులు. ఇవన్నీ ఆమె అట్ట చినిగిన పొడుగాటి రిజిస్టరులో స్కేలు పెట్టి గళ్ళు గీసి, చేత్తో రాసుకుంటుంది. పక్కన కంప్యూటరుంది. దాని మీద గుడ్డ కప్పి ఉంటుంది.

ఆ పట్టికకు ఊరికే విలువ రాలేదు. పదకొండేళ్ళ కిందట ఒక నిర్మాత ఎవరూ చదవని రెండు పత్రికలకు విందు పెట్టి, చెరి అయిదు చుక్కలు రాయించుకుని, నలభైకి నలభై కొట్టేసి పట్టిక నెత్తికెక్కి కూర్చున్నాడు. మర్నాటి నుంచి పట్టికక్క కొత్త రూలు పెట్టింది. అయిదు పత్రికలు రాస్తేనే రివ్యూ మార్కులు. నాలుగు రాస్తే సున్నా. పెద్దవాళ్ళు గింజుకున్నారు, బతిమాలారు, ఒకాయన పళ్ళబుట్ట పంపాడు. బుట్టను మెట్ల మీదే పెట్టించింది, వెళ్ళేటప్పుడు వాళ్ళే తీసుకుపోయారు. "ఆవిడ వేసిందంటే తిరుగులేదు" అన్న మాట అక్కడ పుట్టింది. ఆ పట్టిక చూసుకునే హాళ్ళవాళ్ళు పాత సినిమాలు మళ్ళీ ఆడించేవాళ్ళు, నిర్మాతలు కొత్త సినిమాలు అప్పగించేవాళ్ళు.

ఆ ఏడు ఆమె తమ్ముడి సినిమా వచ్చింది.

తమ్ముడంటే పద్దెనిమిదేళ్ళు ఇంకొకళ్ళ సెట్లో ఇంకొకళ్ళ కుర్చీ మోసినవాడు. నలభై మూడో ఏట సొంతంగా తీశాడు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆడవాళ్ళ కథ. పాటల్లేవు, పోరాటాల్లేవు. ఉదయం ఆట ఒక్కటే ఇచ్చారు, నాలుగు రోజులు. అయిదో రోజు పోస్టరు మీద ఇంకో పోస్టరు అంటించేశారు. కానీ ఆ నాలుగు రోజుల్లో చూసిన పత్రికలవాళ్ళు మాత్రం కళ్ళు తుడుచుకుంటూ రాశారు. తర్వాత ఒక నిర్మాత తమ్ముణ్ణి పిలిపించి, టీ ఇప్పించి, ఒక్క మాటన్నాడు. "మీ అక్క పట్టికలో నీ సినిమా ఉంటే, వచ్చే ఏడు నీతో నేను తీస్తా. లేకపోతే ఏమనుకోకు."

ఇంకేముంది, ఇల్లంతా ఆ మాట మీదే నిలబడింది.

డిసెంబరు మూడో మంగళవారం పట్టికక్క తమ్ముడి సినిమా గడి దగ్గరకొచ్చింది. కలెక్షన్లు మూడు మార్కులు. ఒక ఫిల్మ్ సొసైటీ ఇచ్చిన అవార్డుకు నాలుగు. రివ్యూలు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కత్తిరింపుల కవరు బోర్లించింది, దులిపింది. నాలుగే.

అయిదోది ఎందుకు లేదో ఈ భూమ్మీద ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అయిదోది వాళ్ళ సొంత పత్రికదే. ఏప్రిల్లో సమీక్షకుడు రాసి పేజీలో పెట్టాడు కూడా. ఆఫీసులో అతన్ని చుక్కలాయన అంటారు. ఆ పేజీ ప్రూఫు చూసి పట్టికక్కే ఎర్రసిరాతో అడ్డగీత కొట్టింది. "మా తమ్ముడి సినిమాని మన పత్రిక పొగిడితే లోకం ఏమంటుంది? తీసెయ్" అంది. చుక్కలాయన ఎంత చెప్పినా వినలేదు. ఆ సంగతి తమ్ముడికి చెప్పనూ లేదు. మరదలు ఒకసారి గిన్నెలు సర్దుతూ అడిగింది. "ఏం వదినా, అందరూ రాశారు గానీ మీ పత్రికవాళ్ళకు మా సినిమా కంటికి ఆనలేదా?" పట్టికక్క మంచినీళ్ళు తాగి గ్లాసు బోర్లించింది.

నీతి అంటే ఇదీ. పత్రిక యజమాని అల్లుడి సినిమాకు యజమానే స్వయంగా రెండు పేజీల రివ్యూ రాసుకుంటే ఎవరికీ తప్పనిపించలేదు. నెలజీతం మనిషి తమ్ముడికి అరపేజీ వస్తే లోకం ఏమంటుందోనని ఆ నెలజీతం మనిషే భయపడి చచ్చింది. లోకం అసలు ఏమీ అనదు. దానికి ఇలాంటివాళ్ళుంటే చాలు, కాపలా పని వాళ్ళే చూసుకుంటారు.

ఆమె కింది అంతస్తుకు దిగింది. చుక్కలాయన కుర్చీలో వెనక్కి వాలి పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"ఏప్రిల్ రివ్యూ ఉందా?" అంది.

"ఏ రివ్యూ?"

"తెలిసి అడక్కు."

"ఓహో, అదా! ఎవరో మహాతల్లి నీతి తప్పుతుందని కొట్టేసింది చూడు, అదేనా?" సొరుగు లాగాడు. కాగితాలు మడత కూడా చెదరలేదు. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనక్కా. ఇదిగో, పట్టుకో."

"దాచావా?"

"నేను రాసినవాటిలో నిజం రాసింది ఏడాదికొకటి. అదీ పారేసుకోమంటావా?"

"ఆఖరి సంచికలో వేస్తే ఏడాది లెక్కలోకే వస్తుంది. వేయిస్తావా?"

"నన్నడిగితే ఏం లాభం? పేజీ పెద్దాయనది." గొంతు తగ్గించాడు. "అడుగు. కానీ ఆయన దగ్గర ఊరికే వచ్చేది ఒక్క దగ్గే."

యజమాని మాత్రం ఊరికే ఇచ్చినట్టే ఇచ్చాడు. "దానికేమ్మా! నీ తమ్ముడంటే నాకు పరాయివాడా? పన్నెండో పేజీలో పెట్టించు" అన్నాడు, ఫోను చెవి దగ్గరనుంచి తీయకుండానే. ఆమెకు కళ్ళు చెమర్చాయి. పంతొమ్మిదేళ్ళలో ఆ గదిలో మొదటిసారి.

బుధవారం పన్నెండో పేజీ ప్రూఫు చేతికొచ్చాక రిజిస్టరు తెరిచి అయిదో పత్రిక చుక్కలు వేసింది. సగటు తీస్తే ముప్పై ఏడు. మొత్తం నలభై నాలుగు. పైనుంచి కిందికి వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఇరవై ఐదు! సరిగ్గా ఆఖరి మెట్టు. నలభై మూడు మార్కుల సినిమా ఒకటి పాపం దిగిపోయింది. దిగనీ. ఒక్క మార్కు కూడా దొంగది కాదు, అయిదు పత్రికలూ రాసినవే.

పట్టిక ప్రూఫు సాయంత్రానికి వచ్చింది. గళ్ళ గీతల మధ్య ఇరవై ఐదు లైన్లు, అడుగున తమ్ముడి సినిమా. ఆ లైను మీద వేలితో రుద్ది చూసింది, సిరా అంటుతుందేమోనన్నట్టు. ఫోను చేసింది.

"ఉందిరా."

"ఎన్నోది?"

"ఇరవై ఐదు."

"ఏదైతేనేం అక్కా. ఉంది కదా. ఆ నిర్మాతకు చెప్పెయ్యనా?"

"చెప్పెయ్."

గురువారం మధ్యాహ్నం రెండింటికి పేజీలు ప్రెస్సుకు దిగాలి. ఒంటిగంటన్నరకు యజమాని తనే మెట్లెక్కి మూలగదికి వచ్చాడు. ఆయన ఆ గదికి రావడం ఎవరూ ఎరగరు. కూర్చోవడానికి రెండో కుర్చీ కూడా లేదు. నిలబడే ప్రూఫు తీసి చూశాడు.

"మా అల్లుడి సినిమా ఎక్కడుంది?"

"నలభై రెండు మార్కులండి. ఇరవై ఐదులోకి రాలేదు."

"సబ్బు కంపెనీవాళ్ళు ఉత్తమ జంట అవార్డిచ్చారు కదమ్మా. వేసినట్టు లేదే?"

"అది అవార్డు కాదండి, ప్రకటన. ఆ ఇద్దరూ ఆ సబ్బుతోనే కదండీ స్నానం చేసేది, సినిమా మధ్యలో."

యజమాని నవ్వాడు. నవ్వి, టేబులు మీదున్న పన్నెండో పేజీ ప్రూఫు అందుకుని, కాగితం బాగుందో లేదో చూస్తున్నట్టు రెండు వేళ్ళతో నలిపాడు. "అది ప్రకటనైతే, ఎనిమిది నెలల కిందట ఆడి పోయిన సినిమాకి ఇప్పుడొచ్చేది రివ్యూ అంటావా? ఇంకా అచ్చవలేదు, చూడు. ఆ చోటులో పంచాంగమైనా పెట్టొచ్చు."

ఆమె పేజీ కోసం చెయ్యి చాచింది. ఆయన ఇవ్వలేదు.

"నేను మారిస్తే జనం నవ్వుతారు. నువ్వు వేస్తే నమ్ముతారు. ఇన్నేళ్ళు నీ పేరు ఒక్కసారైనా వేయించలేదు, పొరపాటు నాదే. ఈసారి పట్టిక అడుగున వేయిస్తున్నా, చెప్పేశాను కూడా." పేజీ ఆమె చేతికిచ్చి, తలుపు దగ్గర ఆగాడు. "నాకు లెక్కలు రావమ్మా. నువ్వే చూసుకో."

గడియారం ఒకటీ నలభై. పట్టికక్క రిజిస్టరులో అల్లుడి గడిలో నాలుగు వేసింది. పంతొమ్మిదేళ్ళలో మొదటి దొంగ నాలుగు. అంకె వంకరగా వచ్చింది, దాని మీదే మళ్ళీ దిద్దింది. నలభై ఆరు. వరసలో ఇరవై రెండో చోటు. ప్రూఫు మీద ఇరవై ఒకటికీ ఇరవై రెండుకీ మధ్య గుర్తు పెట్టి, అంచున ఆ సినిమా పేరు రాసి, "ఇక్కడ చేర్చాలి" అని రాసింది. కింద సంతకం చేసింది. తమ్ముడి లైను వంక చూడలేదు. నిన్న కళ్ళారా చూసిన లైనే కదా, దాన్ని మళ్ళీ చూడ్డమెందుకు? పైగా ఆ పని చేస్తూ ఆ పేరు వంక చూడాలంటే ముఖం చెల్లలేదు.

నాలుగింటికి ఆమె ప్రెస్సులోకి దిగింది. మిషను రొద, కిరసనాయిలు వాసన, నేలంతా కాగితపు తుక్కు. మడతపడి వస్తున్న కట్టలోంచి ఒక సంచిక లాగి పట్టిక ఉన్న ముప్పయ్యో పేజీ తీసింది. ఇరవై రెండులో అల్లుడు దర్జాగా ఉన్నాడు. ఇరవై ఐదులో నిన్న ఇరవై నాలుగులో ఉన్న సినిమా ఉంది. తమ్ముడి సినిమా ఎక్కడా లేదు.

"మేస్త్రీ! మిషనాపు! ఒక లైను పోయింది!"

ప్రెస్సు మేస్త్రి ముసలివాడు. మిషను ఆపలేదు. గోడకు తగిలించిన ప్రూఫు తీసుకొచ్చి చూపించాడు. "పోవడమేంటమ్మా? ఇరవై రెండు దగ్గర ఒకటి చేర్చమన్నావు. గడులు ఇరవై ఐదే. ఒకటి ఎక్కితే ఒకటి దిగాలి కదా! చంటిపిల్లలకు చెప్పినట్టు ఏటేటా మాకు నువ్వు చెప్పే మాటేగా ఇది."

"అయ్యో, ఆపు మేస్త్రీ, నీకు దండం పెడతా."

"పెద్దాయన చెబితే ఆపుతా. సంతకం నీదేనా, కాదా?"

సంతకం ఆమెదే. పరుగున పైకెక్కింది. యజమాని కోటు వేసుకుంటున్నాడు.

"సార్, మా తమ్ముడిది ఇరవై ఆరులోకి పోయింది. మీ అల్లుడిగారిది తీసెయ్యాలి."

"ఏ రూలు ప్రకారమమ్మా?" అన్నాడాయన. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. రూళ్ళన్నీ ఆమె పెట్టినవే. ఏ రూలు ఎత్తినా ముందు తన చెయ్యే విరుగుతుంది.

మెట్ల కింద చుక్కలాయన స్కూటరు తీస్తున్నాడు. ఆమె ముఖం చూసి అంతా అర్థమైంది. "రెంటికీ చెడ్డావా?" అన్నాడు. తర్వాత ఆ మాటకు తనే సిగ్గుపడి, "ఎక్కు, దింపుతా" అన్నాడు. ఆమె ఎక్కలేదు, నడిచింది.

తమ్ముడి వాటా మూడో అంతస్తు. తలుపు తీసే ఉంది. సంచిక ఆమెకంటే ముందే ఇంటికి చేరింది. కింద దుకాణంలోకి మొదటి కట్ట రాగానే మరదలు కొనుక్కొచ్చింది. తమ్ముడు మంచం అంచున కూర్చుని పన్నెండో పేజీ చదువుతున్నాడు.

"ఏప్రిల్లో రాసినట్టుందక్కా ఇది. 'ఈ వారం విడుదలైన' అని మొదలెట్టాడు. అప్పుడే వేసుంటే అయిదో రోజు హాల్లో ఉండేదేమో."

"నేనే ఆపాను" అంది ఆమె. అంతా చెప్పింది. ఎర్రసిరా గీత, సబ్బు, దొంగ నాలుగు, సంతకం. నిలబడే చెప్పింది.

మరదలు స్టవ్వు ఆర్పింది. "అప్పుడు నీతి, ఇప్పుడు దొంగతనం. రెండూ మా మీదే చేశావా వదినా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

తమ్ముడు ముప్పయ్యో పేజీ తీసి మోకాళ్ళ మీద పరచుకున్నాడు. ఒకటి నుంచి వేలు పెట్టి చదువుకుంటూ దిగాడు. చిన్నప్పుడు ఎక్కాలు చదివినట్టు, పెదవులు కదుపుతూ. ఇరవై ఐదు దగ్గర వేలు ఆగింది. ఆగి, ఇంకొక్క లైను కిందికి జారింది.

గడుల కింద, లావుపాటి అక్షరాల్లో, 'పట్టిక కూర్పు' అని ఉంది. దాని పక్కన జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా లేని ఆ పేరు, అచ్చులో మొదటిసారి.

"ఇరవై ఆరులో నువ్వున్నావక్కా" అన్నాడు తమ్ముడు.

బల్ల మీద ఫోను మోగింది. వచ్చే ఏడు తీస్తానన్న నిర్మాత పేరు పడింది. ముగ్గురూ దానివంక చూస్తూ ఉండిపోయారు.