నాడా లేని లంగాలు

దండెం మీది బట్టలు తీసి మడతపెడుతుంటే ఇవాళ కూడా ఒక లంగా తక్కువైంది. యాదవ్వ చీరల మడతల్లో వెతికింది, గోడ అవతల పడిందేమోనని మునివేళ్ళమీద లేచి చూసింది. ముందు ఆకుపచ్చది పోయింది, తర్వాత గోధుమరంగుది, ఇప్పుడు మెరూన్‌ది. అన్నీ కోడలు సువర్ణవే. యాదవ్వ తన బట్టలు మాత్రం ఎవరూ లేవకముందే ఉతుక్కుని స్నానాల గదిలోనే ఆరేసుకుంటోంది ఈమధ్య. వాటిని ఎవరినీ ముట్టనివ్వదు.

సువర్ణకు గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్ అని బయటపడింది. రేడియేషన్ కరెంటు పెట్టించుకోవడానికి పొద్దున్నే మెదక్ బస్టాండులో హైదరాబాద్ బస్సెక్కి, సాయంత్రానికి వడలిపోయి వస్తుంది. వచ్చి గిన్నెలు తోముతుంది. తోమొద్దని ఇంట్లో ఎవరూ అనలేదు. యాదవ్వ కూడా అనలేదు. అనాలని నోటిదాకా వచ్చేది. అంటే ఆ గిన్నెలు ఎవరు తోమాలనే మాట వస్తుంది, అది కొడుకు దాకా పోతుంది, కొడుకు నోటినుంచి ఏం వస్తుందో ఆమెకు తెలుసు. తన అక్క విషయంలో విన్నదే. నిజాంపేటలో అక్కకు ఇలాంటి రోగమే వస్తే వాళ్ళ అత్తగారు చీరలు ఒకటొకటిగా మూటగట్టి తల్లిగారింటికి చేరవేసింది, వాడకట్టు కంట పడకుండా. చివర ఒకనాడు అక్కనే పంపేశారు. "జర నిమ్మళమైనంక నేనే వచ్చి తీస్కపోత" అన్నాడు బావ. అక్క ఆ మాట పట్టుకుని ప్రాణం పోయేదాకా వాకిట్లోకే చూసింది.

అందుకే లంగాలు పోతుంటే యాదవ్వకు నిద్రపట్టడం లేదు. నిన్న కొడుకు ఉదయ్ కుమార్ ఫోన్లో "చేగుంట" అనడం చెవిన పడింది. చేగుంట సువర్ణ తల్లిగారి ఊరు. పంపుతున్నాడా? లేక సువర్ణే చెప్పకుండా సర్దుకుంటోందా? ఎవరిని అడిగినా అబద్ధమే చెబుతారనిపించింది. చంకలో సంచి పెట్టుకుని సువర్ణ బయటికి పోవడం చూసి, చెప్పులు చేతపట్టుకుని వెనకే నడిచింది.

సువర్ణ పోయింది గల్లీ చివర కుట్టుమిషను హాజిరా ఇంటికి. యాదవ్వ పరదా తొలగించేసరికి సువర్ణ పోయిన మెరూన్ లంగా తొడుక్కుని నిలబడి ఉంది. నడుముకు నాడా లేదు. లంగా భుజాల మీది పట్టీలకు వేలాడుతోంది.

"రా అవ్వా, మంచి టైముకొచ్చినవ్," అంది హాజిరా. "చూడు, నీ కోడలికి రెండు జడలేస్తే బడికి తోలొచ్చు."

సువర్ణ నవ్వలేదు. చేతికందిన చున్నీ లాగి కప్పుకుంది. కప్పుకునేలోపే లంగా పక్క చీలికలోంచి యాదవ్వ చూసింది, నాడా కట్టే చోట చర్మం కమిలి నల్లగా లేచిపోయి ఉంది.

"నాడా ఒరుసుకుంటే పానం పోతుంది అత్తమ్మా. బస్సుల కూసుండరాదు. గీ పక్కన చీల్చి కట్లు పెట్టిపిచ్చిన, కరెంటు మిషను కింద పండినప్పుడు మొత్తం విప్పే పని లేదు."

"నాకు చెప్తే ఏమాయె?"

"నైటీలు మన ఇంటా వంటా లేవు అన్నరు గద, పెండ్లయిన కొత్తల."

"గది ఇంకా యాదికున్నదా?"

"మీరన్నయి ఏవి మర్చిపోయిన?"

హాజిరా దారం పండ్లతో తెంపి మాట మార్చింది. "నాకూ టెస్టు చేయించుకోమని నీ కోడలిది ఒకటే నస, అవ్వా."

"చేయించుకో మరి. మంచిగున్నప్పుడే చూపించుకోవాలె," అంది సువర్ణ. "ముట్టుగాని దినాలల్ల ఎర్రగ కనబడినా, ముట్లు ఆగిపోయినంక మళ్ల కనబడినా ఊకోవద్దు. నేను సిగ్గుపడి ఏడాది దాచిపెట్టుకున్న. ముందుగాల వస్తే గింత కష్టం లేకుండె అన్నది డాక్టరమ్మ."

యాదవ్వ కింద పడి ఉన్న పాత నాడా తీసి వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. తిరిగి వస్తుంటే దారిలో అడిగింది, "చేగుంట పోతున్నవా బిడ్డా?"

"నేనా? ఎవరన్నరు?"

లంగాల సంగతి తేలింది గానీ అనుమానం తీరలేదు. ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. ఉదయ్ కుమార్ సువర్ణ బ్యాగు అరుగుమీద పెట్టి, గోడకానుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"మీ అమ్మకు చెప్పిన," అన్నాడు భార్యతో. "చేగుంటల అయితే హైవే దగ్గర, బస్సులు మస్తుంటయి. నీకూ రెస్టు దొరుకుతది."

"నన్నడిగినవా?" అంది సువర్ణ.

"గిండ్ల అడిగేదేమున్నది? ఇక్కడ నిన్నెవరు చూడాలె? నాకు దుకాణం, అమ్మకు చేతగాదు. జర నిమ్మళమైనంక నేనే వచ్చి తీస్కపోత."

అక్షరం పొల్లుపోకుండా అదే మాట. కొడుకు ముఖంలో యాదవ్వకు బావ కనబడలేదు. చెడ్డతనం కూడా కనబడలేదు. పని చక్కబెట్టుకుంటున్న నిమ్మళమే కనబడింది. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. సువర్ణ బ్యాగు వైపు చూస్తోంది. వంగి అందుకోవాలంటే నడుము సహకరించదు. యాదవ్వే వంగి బ్యాగు తీసింది. ఆటో వైపు కాదు, లోపలికి నడిచి గడపలో ఆగింది.

"ఉదయ్, నా బట్టలు సుత సర్దాలె."

"నీవెందుకమ్మా? నీకేమైంది?"

అతనికేసి కాదు, సువర్ణకేసి చూస్తూ చెప్పింది. "పండుగ ముందటి నుంచి నాకూ ఎర్రగ కనబడుతుంది. ముట్లాగి ఎన్నేండ్లాయె. ఎవరికీ చెప్పలె, ఎవరూ లేవకముందే ఉతుక్కున్న." బ్యాగు గడప లోపల పెట్టింది. "రేపు సువర్ణతోని దవాఖానకు పోత. ఇద్దరం ఇక్కడినుంచే పోతం, ఇక్కడికే వస్తం. లేదు పంపుత అంటవా, మా అమ్మ సచ్చిపోయి శానా దినాలాయె. నన్ను ఎవరి తల్లిగారింటికి పంపుతవు, చెప్పు బిడ్డా."