కొండప్ప కుర్చీ

కలుపు పని మాట్లాడటానికి వచ్చిన కూలి కొండప్పకు కుందుర్పి ఆసామి బయ్యన్న కుర్చీ వేశాడు. కొండప్ప కూర్చోలేదు.

"ఇంగా ఆ పాతకాలం భయమేందప్పా? కూచో!" అంటూ అరుగు మీద అందరి ముందూ నవ్వాడు బయ్యన్న.

కొండప్పకు ఒళ్లు మండింది. తండ్రి బతుకంతా నిలబడిన అరుగది. కానీ మలద్వారం పక్కన పుండు లేచి చీము కారుతోందని నలుగురిలో ఎట్లా చెప్పడం? రెండుసార్లు కోయించుకున్నా ఆ పుండు తిరగబెట్టింది.

చివరికి అనంతపురం డాక్టరమ్మ పేగుల పరీక్ష చేయించింది.

"అసలు జబ్బు పేగుల్లో ఉండాదప్పా, క్రోన్స్ అంటారు. అది తగ్గకుండా కోస్తే మళ్లీ వస్తాది. ఎక్కువ కోస్తే దొడ్డికి ఆపుకోలేవు. చీము లోపల నిలవకుండా పుండులో దారం వేసి వదిలేస్తా. పేగులకు ఇంజెక్షన్లు మాత్రం మానొద్దు."

దారం ఉండగానే చీము తగ్గింది, నొప్పి తగ్గింది. ఎనిమిది నెలలకు కొండప్ప మళ్లీ ఆ అరుగెక్కాడు. ఈసారి ఎవరూ కుర్చీ వేయలేదు. మూలనున్నది తానే లాక్కుని బయ్యన్న ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ పొద్దు నాకు భయం కాదన్నా," అన్నాడు అందరికీ వినపడేట్టు. "ముడ్డికాడ పుండు."