ముగ్గురుంటేనే పందెం

టైరు అంచును రిమ్ము మీంచి ఊడదీసే ఇనుప కడ్డీ మీద వెండెల్ తన బరువంతా మోపాడు. పొద్దుటి నుంచి ఇది పదకొండో కారు. శనివారం కాబట్టి టైర్ల షాపులో మధ్యాహ్నం దాకానే పని. మూడింటికి సైకిల్ పందేల ట్రాక్ దగ్గర ఉండాలి. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, పది నిమిషాలుగా రూడీని బతిమాలుతున్నాడు.

"తొక్కమనట్లేదురా. గేటు పడ్డాక ఊరికే దొర్లుకుంటూ రా. గీత దాటు. మూడో స్థానం నీదే, ఉన్నది ముగ్గురమే కదా!"

"డాక్టరు సైకిల్ ముట్టుకోవద్దన్నాడు. మారిబెల్‌కి తెలిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు."

"నీ పెళ్ళాంతో ఎవడు చెప్తాడు? నేనా?"

అవతల రూడీ నవ్వాడు. ఆ నవ్వు వినగానే పనైపోయిందని వెండెల్‌కి తెలిసిపోయింది.

యాభై ఎనిమిదేళ్ళ వెండెల్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే షాపులో, కాలిఫోర్నియా ఎండలో, ఊళ్ళోవాళ్ళ కార్లకు టైర్లు మారుస్తున్నాడు. పెళ్ళి నాలుగేళ్ళు నిలిచింది. గోళ్ళ కింది నలుపు ఏ సబ్బుకీ లొంగదు. కానీ పద్నాలుగో ఏట కాలువ పక్క ఖాళీ స్థలంలో, తనూ రూడీ పారలతో మట్టి గుట్టలు పోసి వాటి మీంచి చిన్న చక్రాల సైకిళ్ళు ఎగిరించిన నాటి నుంచి, ఆ మట్టి అతన్ని వదల్లేదు. అప్పట్లో ఇంటింటికీ పేపర్లు వేసి కొన్న క్రోమ్ ఫ్రేము సైకిల్‌నే ఇప్పటికీ తొక్కుతాడు. అది రెండుసార్లు విరిగింది, రెండుసార్లూ వెల్డింగు చేయించాడు. కొత్త సైకిళ్ళవాళ్ళు ఆగి మరీ దాన్ని తడిమి చూస్తారు. అప్పుడు మాత్రం వెండెల్ ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది.

రాష్ట్ర విజేతకిచ్చే ఒకటో నంబరు పలక మాత్రం ఆ హ్యాండిల్‌కి ఎప్పుడూ ఎక్కలేదు. ఈ ఏడాది ఎక్కేలా ఉంది. ఆఖరి పందెం ఇవాళే. గెలిస్తే యాభై ఆరు దాటినవాళ్ళలో రాష్ట్రానికే మొదటివాడు. తిరకాసల్లా ఒక్కటే. ముగ్గురు పేర్లివ్వకపోతే ఆ వయసుకి విడిగా పందెం పెట్టరు, తీసుకెళ్ళి నలభైల వాళ్ళతో కలిపేస్తారు. అక్కడ గెలవడం కల్ల. తనూ, పళ్ళ డాక్టరు కర్టిసూ ఇద్దరయ్యారు. మూడోవాడు రూడీయే కావాలి. రూడీకి ఏప్రిల్‌లోనే గుండెకు స్టెంట్ వేశారు.

మూడింటికి రూడీ వచ్చాడు, ఇంట్లో మేకులు కొనడానికని చెప్పి. మొత్తం మూడు పరుగులు, మూడింటి ఫలితాలూ కలిపి విజేతను తేలుస్తారు. మొదటిదానికి ముగ్గురూ బయలుదేరే చోటి గేటుకు ముందు చక్రాలు ఆన్చి నిలబడితే చాలు, పందెం లెక్కలోకి వస్తుంది.

మొదటి పరుగులో రూడీ మాట నిలబెట్టుకున్నాడు. సాయంత్రం షికారుకు వచ్చిన పెద్దమనిషిలా గుట్టల మీద తాపీగా దొర్లుకుంటూ వచ్చాడు. వెండెల్ గెలిచాడు.

"ఇక చాలు. పోయి నీడలో కూర్చో," అన్నాడు.

"అది నీ కోసం," అన్నాడు రూడీ హెల్మెట్ తీయకుండానే. "రెండోది నా కోసం రా."

వద్దనడానికి వెండెల్ నోరు తెరిచాడు. అంతలో రెండో పరుగుకి పిలుపు వచ్చింది. మళ్ళీ దొర్లుతాడులే అనుకున్నాడు. నలభై నాలుగేళ్ళు పక్కపక్కన నిలబడినవాడు అలా అనుకోకూడదు. గేటు ధడేలున పడ్డాక మెల్లగా పోయేవాడు తమలో ఎవడున్నాడు?

గేటు పడింది. రూడీ సీటు మీంచి లేచాడు. మొదటి మలుపులో లోపలి నుంచి దూరాడు, కుర్రతనంలో అందరినీ ఏడిపించిన పాత ఎత్తు. వెండెల్ ముఖాన దుమ్ము చిమ్మి, ఒక సైకిల్ పొడవు ముందుగా గీత దాటాడు.

రూడీ గడ్డిలో చతికిలబడి కంచెకు వీపు ఆన్చాడు. హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు. ఒళ్ళంతా చెమట, ముఖం నిండా నవ్వు. వెండెల్ అటు వీపు తిప్పి, జారిన చైను ఎక్కించుకుంటూ తిట్లు లంకించుకున్నాడు.

"దొర్లమన్నాను కదరా గాడిదా! నా పలక ఊడగొట్టేలా ఉన్నావు. నిన్ను పిలిచిన నాకు బుద్ధి లేదు. ఏం, మాట్లాడవేం?"

వెండెల్ తిరిగి చూశాడు. నవ్వు అలాగే ఉంది. కళ్ళు గీత వైపే ఉన్నాయి. రెప్ప పడటం లేదు.

కర్టిస్ పరుగెత్తుకొచ్చి ఛాతీ నొక్కాడు. తర్వాత అంబులెన్సువాళ్ళు నొక్కారు. వెండెల్ జిడ్డు చేతులతో అలాగే నిలబడిపోయాడు. మూడో పరుగుకి మైకులో వాళ్ళ పేర్లు చదవడం మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేశారు.

కర్టిస్ ఫోన్ చేస్తే మారిబెల్ వచ్చింది. అప్పటికే తెల్ల గుడ్డ కప్పేశారు.

"మేకులు తెస్తానన్నాడు," అంది ఆమె, ఎవరితోనో తనకే తెలియనట్టు. తర్వాత తలెత్తింది. "ఎవరు పిలిచారు వెండెల్?"

"నేనే. ముగ్గురం కావాలని."

ఆమె వంగి తెల్ల గుడ్డ అంచు సరిచేసింది. చెంప పగలగొట్టినా బాగుండునని అతనికి అనిపించింది. ఆమె రూడీతో పాటు బండి ఎక్కి వెళ్ళిపోయింది.

కంచె దగ్గర రూడీ ఎడమకాలి బూటు పడి ఉంది. ఆ హడావిడిలో ఊడిపోయి ఉంటుంది. వెండెల్ వంగి తీసుకున్నాడు, తిరగేశాడు. మెత్తటి రబ్బరు అడుగున పెడల్ పళ్ళు దిగబడిన గుర్తులు, బలమంతా పెట్టి తొక్కితేనే పడేంత లోతుగా, ఇంకా దుమ్మయినా పట్టకుండా.