పదో దుకాణానికి పెళ్ళిచూపులు

కుడిచేతి చూపుడువేలు ఒక్కటే పనిచేస్తోంది. ఎడమచెయ్యి మర్యాదగా ఒళ్ళో కూర్చుంది. చాంద్ బాషా కీబోర్డు మీద ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుని, దొరికాక గట్టిగా నొక్కి, అది తెర మీద పడిందో లేదో కళ్ళజోడు పైకి జరిపి చూసుకుని, అప్పుడు తరువాతి అక్షరానికి వెళ్తున్నాడు. పైన ఒక నమస్కారం పూర్తయ్యేసరికి కింద దుకాణంలో అరకేజీ కాఫీ గింజలు పొడి అయిపోతాయి.

తాడేపల్లిగూడెంలో శ్రీరంగ కాఫీ అంటే తెలియనివారు లేరు. ఆ కాఫీపొడి మిషను దగ్గర చాంద్ బాషా ఇరవయ్యారేళ్ళు నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎంత తోమినా గోళ్ళ అంచుల్లో కాఫీ రంగు పోదు. మిషను చప్పుడుకి చెవులు దెబ్బతిని, ఏ కాస్త మోత విన్నా తల దిమ్మెక్కేది. అందుకని రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని తిరిగేవాడు. తలనొప్పి మందు అయిపోయిన చిన్న రేకు డబ్బీ ఒకటి ఎప్పుడూ జేబులో ఉండేది. ఎవరి మాటైనా శ్రద్ధగా వినాలనుకుంటే దూది తీసి ఆ డబ్బీలో పెట్టేవాడు. అక్కర్లేదనుకుంటే తీసేవాడు కాదు. ఈ పద్ధతి తెలిసినవాళ్ళు, ముందు అతని చెయ్యి చెవి మీదికి వెళ్తుందా లేదా అని చూసి అప్పుడు నోరు విప్పేవారు.

మిషను దగ్గర ఇక నిలబడకూడదని డాక్టరు చెప్పాక, యజమాని శ్రీనాథ్ అతన్ని మేడమీద గదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. ఊరూరా తమ పేరుతో అక్కడివాళ్ళే నడుపుకునే ఫ్రాంచైజీ దుకాణాలు పెట్టించాలని శ్రీనాథ్ ఆలోచన. దానికి లింక్డిన్ అని, ఉద్యోగస్తులూ వ్యాపారస్తులూ పరిచయాలు పెంచుకునే వెబ్‌సైటులో తన పేరిట, కోటు వేసుకున్న తన ఫొటోతో ఒక ఖాతా తెరిచాడు. నాలుగు రోజులకే విసుగొచ్చి బాషాకి వదిలేశాడు. బాషా అందులో నలుగురి పేజీలు చూసి, "ఓస్, బయోడేటాలేనా అండీ!" అన్నాడు. ఆ తరువాత అతన్ని ఆపినవాళ్ళు లేరు. బయోడేటా చదవడం, నచ్చితే ఉత్తరం రాయడం, జవాబొస్తే బస్సెక్కి వెళ్ళి మనిషిని చూడడం. దుకాణంలో కూర్చోబోయేవాడు నీళ్ళు ఎలా ఇస్తాడు, ఇంట్లో ముసలివాళ్ళతో ఎలా మాట్లాడతాడు, అన్నీ గమనించేవాడు. రెండేళ్ళలో తొమ్మిది దుకాణాలు పెట్టించాడు. తొమ్మిదీ నడుస్తున్నాయి.

కానీ శ్రీనాథ్‌కి తొందర. "బాషా గారూ, ఈ నెలాఖరులోగా పదోది కుదరాలండీ. లేకపోతే ఈ పని హైదరాబాదు ఏజెన్సీ వాళ్ళకి ఇచ్చేస్తాను. మీరు కూడా ఎన్నాళ్ళని తిరుగుతారు? ఇంటిపట్టున ఉందురుగాని," అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆ మాట కూడా మంచిగానే అన్నాడు. కానీ ఇంటిపట్టున ఉండి చేసే పని ఏదీ బాషాకి ఈ జన్మలో అలవాటు కాలేదు.

గుండుగొలను పెద్దమనిషి ఒకాయన సిద్ధంగానే ఉన్నాడు. రోడ్డు మీదే కొట్టుంది, చేపల చెరువులున్నాయి. కాకపోతే మొదటిరోజే, "పొడిలో చికోరీ ఇంకాస్త దట్టిస్తే ఎవడికి తెలుస్తుందండీ?" అని అడిగాడు. ఆ మాటకి బాషా తీసి చేతిలో పట్టుకున్న దూది మళ్ళీ చెవిలో పెట్టేసుకున్నాడు. అక్కడితో ఆ సంబంధం తప్పిపోయింది.

ఇక మిగిలింది గణపవరం కుసుమకుమారి. ముప్ఫై రెండేళ్ళ మనిషి. ఏలూరులో సెల్‌ఫోన్ కంపెనీ ఆఫీసు మూసేస్తే ఇంటికొచ్చి ఉంటోంది. తన పేజీలో ఆమె ఒక మాట రాసుకుంది: ఆరేళ్ళలో ఒక్క కస్టమరునీ విసుక్కోలేదు అని. బాషా ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివి, తొమ్మిది మందికి రాసిన ఉత్తరాన్నే తెలుగు మాటల్లో, ఇంగ్లీషు అక్షరాల్లో ఆమెకూ రాశాడు.

"నమస్కారమండీ. మీ బయోడేటా చూశామండీ. మాకు చాలా నచ్చింది. మీలాంటివారు మా కుటుంబంలో కలిస్తే మాకు గౌరవం. మీ పెద్దవాళ్ళు ఒప్పుకుంటే మంచిరోజు చూసుకుని వచ్చి మాట్లాడతాం."

తొమ్మిది మంది మగవాళ్ళకీ రాని అనుమానం ఆడపిల్ల ఇంట్లో వచ్చింది. ఉత్తరం పక్కన కోటు వేసుకున్న కుర్రాడి ఫొటో ఉంది. ఇంటిపేరు చూస్తే తమ కులమే, వ్యాపార కుటుంబమే. జవాబు ఆమె తండ్రి హనుమంతరావు రాయించాడు: "ఆదివారం తిథి బాగుంది. దయచేయండి." దుకాణానికి కూడా తిథి చూసుకునే మనుషులని బాషా ఎంతో ముచ్చటపడ్డాడు.

అదిగో, ఆ ఆదివారమే ఇది. టైపు చేస్తున్న నమస్కారాన్ని అలాగే వదిలి, అప్పుడే ఆడించిన కాఫీపొడి కేజీ పొట్లం సంచిలో వేసుకుని బాషా గణపవరం బస్సెక్కాడు.

ఆ ఇంటి ముందు పెద్ద ముగ్గుంది. హాల్లో అద్దె కుర్చీలు, వీధిలోని ఆడవాళ్ళు, పళ్ళేల్లో లడ్లు, జంతికలు, ఓ పక్కన తాంబూలాల పళ్ళెం. ఇంత గౌరవమా అని అతను చెప్పులు గుమ్మానికి దూరంగా విడిచాడు. హనుమంతరావు గుమ్మం దాకా వచ్చి, వీధిలోకి తొంగి చూశాడు.

"అబ్బాయిగారు కార్లో వస్తున్నారాండీ?"

చెవుల్లో దూది. సగమే వినపడింది. "అబ్బాయిగారు రారండీ. ముందు నేనే చూస్తాను. నాకు నచ్చితే ఆయన సంతకం పెట్టేస్తారు," అన్నాడు బాషా, చల్లగా.

ఎవరో కిసుక్కున నవ్వారు. పట్టుచీర కట్టుకుని లోపలి గుమ్మంలో నిలబడిన కుసుమకుమారి మొహం పాలిపోయింది. బాషా ఆ మొహాన్ని చూశాడు, ఆమె జడలోని పూలను చూశాడు, తాంబూలాలను చూశాడు. చెయ్యి మెల్లిగా చెవి మీదికి వెళ్ళింది. దూది తీసి డబ్బీలో పెట్టి, డబ్బీ బల్ల మీద పెట్టాడు.

"మీరు దేనికి వచ్చారండీ?" అని అడిగింది ఆమె.

"కాఫీపొడి దుకాణం కోసమమ్మా."

హనుమంతరావు పెద్ద గొంతుతో తిట్టడం మొదలుపెట్టాడు. మర్యాద ఉందా, ఆడపిల్ల పరువుతో ఆటలా అన్నాడు. అలాంటప్పుడు సంచి పట్టుకుని వెనక్కి నడిచేవాళ్ళే ఎక్కువ. బాషా నడవలేదు. తిట్లన్నీ అయ్యేదాకా దూది లేని చెవులతో విన్నాడు. ఆ మోతకి అతని తల ఎంత దిమ్మెక్కి ఉంటుందో మనం ఊహించుకోవలసిందే. తరువాత తండ్రికి కాదు, కూతురికి చేతులు జోడించాడు.

"తప్పు నాదేనమ్మా. ఆడపిల్లలున్న ఇంటికి ఎలా రాయాలో తెలియక రాశాను. నలుగురిలో మిమ్మల్ని నిలబెట్టాను. కానీ ఉత్తరంలో అబద్ధం లేదమ్మా. నచ్చారని రాశాను. నిజంగానే నచ్చారు. ఆరేళ్ళు ఎవర్నీ విసుక్కోలేదన్నారే, ఆ మాటకి వచ్చాను."

ఆమె కుర్చీ ఒకటి లాగి అతని ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"ఇంతమంది చూడడానికే వచ్చారు కదండీ. చూడనివ్వండి. మీరు కూర్చోండి. ప్రశ్నలు నేనడుగుతాను."

చికోరీ ఎంత కలుపుతారని అడిగింది. గింజ ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగింది. పొడి మిగిలిపోతే వెనక్కి తీసుకుంటారా, ఆడమనిషి మిషను ఆడించగలదా, మీ తొమ్మిది దుకాణాల్లో ఏది బాగా నడవడం లేదు అని అడిగింది. బాషా కుర్చీ అంచున, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పెళ్ళికూతురిలా తలొంచుకుని ఒక్కోదానికీ జవాబు చెప్పాడు. నల్లజర్ల దుకాణం కుంటుతోందని, అక్కడి తప్పు తనదేనని కూడా చెప్పేశాడు. వచ్చినవాళ్ళలో నవ్వు పోయింది. ఒకావిడ లేచి ఆ పొడితో కాఫీ కలుపుకొచ్చింది. కుసుమకుమారి ఒక గుక్క తాగి, ఇంకో గుక్క తాగి, గ్లాసు కింద పెట్టింది.

"నాన్నా, తాంబూలాలు ఉన్నాయిగా," అంది. "పుచ్చుకుందాం."

హనుమంతరావు కూతురి మొహంలోకి చూశాడు. తరువాత తనే పళ్ళెం అందుకున్నాడు. బాషా భుజం మీది తువ్వాలు రెండు చేతుల మీదా పరిచి, ఆ తాంబూలం తీసుకుని కళ్ళకద్దుకున్నాడు.

తిరుగు బస్సులో జేబు తడుముకుంటే డబ్బీ లేదు. పిప్పర దాటేదాకా హారనుకీ ఇంజనుకీ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆ తరువాత కండక్టరు ఎవరినో ఆటపట్టించడం, వెనకసీటులో ఇద్దరు వియ్యపురాళ్ళ కబుర్లు వింటూ ఊరు చేరాడు. శ్రీనాథ్ సంగతంతా విని పొట్ట పట్టుకుని నవ్వి, నవ్వు ఆగాక, "హైదరాబాదు వాళ్ళకి వద్దని చెప్పేస్తానండీ," అన్నాడు. ఇంట్లో భార్య సాబిరా కొత్త దూది తీసి ఇవ్వబోతే బాషా వద్దన్నాడు. "గణపవరంలో ఉండిపోయిందిలే. దుకాణం తెరిచే రోజు వెళ్ళి తెచ్చుకుంటాను."

పద్దెనిమిది రోజులు గడిచాయి. ఆ వేళ తెల్లవారాక సాబిరా టీ పెట్టి, "ఏవండీ," అని మూడుసార్లు పిలిచింది. పాత అలవాటుకొద్దీ చెవుల్లో దూది ఉందనుకుంది. దగ్గరికెళ్ళి చూస్తే దూది లేదు, ఊపిరీ లేదు.

గణపవరం దుకాణం తెరిచిన రోజు సాబిరా వచ్చింది. కుసుమకుమారి డబ్బీని తుడిచి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. సాబిరా మూత తీసి, వాసన చూసి, చాలాసేపు అలాగే పట్టుకుంది. తరువాత తిరిగి ఇచ్చేసింది.

"మిషను దగ్గర నిలబడేది మీరు కదమ్మా. ఉంచుకోండి. ఎవరన్నా మాట్లాడడానికొస్తే మాత్రం తీసి వినండి."

మిషను తిరిగినప్పుడల్లా పక్క బల్ల మీది ఆ రేకు డబ్బీ సన్నగా అదురుతుంది. లోపల రెండు దూది ఉండలు, కాఫీ రంగువి.