పదకొండుమంది తల్లులను దాచిన మిఠాయి డబ్బా

నేను ఒక రేకు డబ్బాను. కోమ్ నగరంలో పుట్టి, కుంకుమపువ్వూ పిస్తా వేసి చేసే సోహాన్ మిఠాయిని మోసుకుంటూ టెహ్రాన్ చేరాను. మిఠాయి వారంలో అయిపోయింది. మంచి డబ్బాని పారేసే ఇల్లు భూమ్మీద లేదు కదా, నన్నూ దాచారు.

ఆ ఇంటి కూతురు ఫరంగీస్, మా దేశంలో కెమెరా వెనక నిలబడ్డ తొలి ఆడవాళ్లలో ఒకతె. విడాకుల కోర్టు వరండాలో బిడ్డల కోసం పడిగాపులు పడే పదకొండుమంది తల్లులను సర్కారు అనుమతి లేకుండా చిత్రీకరించింది. "మీ మొహాలు అధికారులకి చిక్కనివ్వను" అని వాళ్లకి మాటిచ్చింది. కడిగిన నెగటివ్ చుట్టను నాలో పెట్టి, రిబ్బను కట్టి అలమరలో ఉంచింది. ఎవరో కొత్త సోహాన్ తెచ్చారనుకుంది తల్లి తూబా.

మంగళవారం పొద్దున సద్రీ అనే అధికారి సోదాకొచ్చాడు. పుస్తకాలు దులిపాడు, పరుపులు తిరగేశాడు. ఏమీ దొరక్క, వెళ్తూ వెళ్తూ నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"సోహానా! మా ఆవిడకి ప్రాణం."

తూబా నోరు ఊరుకుంటేనా? "తీసుకెళ్లండి బాబూ, మీదే."

మా దేశపు మర్యాద అది. మెచ్చుకున్నవాడికి ఇచ్చేస్తామనాలి, అతను వద్దనాలి. ఉత్తుత్తి మాటలని ఇద్దరికీ తెలుసు. మనుషులు ఇలాంటి అబద్ధాలతో హాయిగా బతికేస్తారు.

"వద్దమ్మా."

"నా మీద ఒట్టు."

"అయ్యో, వద్దు."

"కాదంటే నొచ్చుకుంటాను."

మూడోసారి అతను వద్దనలేదు. నన్ను సంచిలో పెట్టుకోబోయాడు. ఫరంగీస్ మొహం పాలిపోయింది. నాకూ భయమేసింది. రేకు డబ్బాకి భయమేమిటంటారా? కడుపులో పదకొండుమంది తల్లులుంటే తెలుస్తుంది.

"ఇలా ఇచ్చేయండి," అంది ఫరంగీస్. "అమ్మ మర్యాదకంది. నేనివ్వను."

అతిథికిచ్చింది వెనక్కి లాక్కోవడం ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలోనే ఎవరూ ఎరగరు. సద్రీ చెవులదాకా ఎర్రబడ్డాడు.

"మిఠాయి డబ్బాకి ఇంత కక్కుర్తా!" అని నన్ను బల్లమీదికి విసిరికొట్టి, విసవిసా మెట్లు దిగిపోయాడు. రిబ్బను పుణ్యమా అని మూత ఊడలేదు.

"నా పరువు తీశావు కదే!" అని తూబా ఏడ్చింది.

ఫరంగీస్ మూత తీసి, ఫిలింని కిటికీ వెలుతురుకి పట్టింది.

"మొహాలు నల్లగా ఉన్నాయేమే?"

"నెగటివ్ అలాగే ఉంటుందమ్మా. ఈవిడ చేతిలో ఉన్నది కొడుకు కాలి చెప్పు. మూడేళ్లుగా వాణ్ని చూడనివ్వలేదు."

తూబా చాలాసేపు చూసింది. తర్వాత తనే మూత బిగించి, నన్ను తన బట్టల పెట్టె అడుక్కి తోసి తాళం వేసింది.

"మళ్లీ ఎవరైనా వచ్చి, పెట్టె తెరిపించి డబ్బాని మెచ్చుకుంటే?" అంది కూతురు.

"మా అమ్మకి చెముడని చెప్పు."