గంప ఎత్తే చెయ్యి

చేపల గంప ఎవరికి వాళ్లు ఎత్తుకోలేరు. నిండు గంప నేలమీద నుంచి తలమీదికి రావాలంటే ఎదురుగా ఇంకో మనిషి నిలబడి రెండు చేతులా పట్టాలి. పెళ్లయి ఈ పేటకొచ్చిన నాటి నుంచి నా గంప ధనలక్ష్మి ఎత్తింది, దాని గంప నేనెత్తాను. ఇసుక దాటి ఆటో దాకా ఇద్దరం ముందూ వెనకా నడిచేవాళ్లం. అలాంటి మనిషి నా కొంప ముంచింది.

మా ఆయన అసిరయ్య పడవ మొన్న వానాకాలంలో బోల్తా పడింది. ఎలాగో ఈదుకుని బతికొచ్చాడు గానీ, ఆ తర్వాత నీళ్లలో కాలు పెడితే ఒళ్లంతా వణుకే. చేపలు పట్టేవాడు సముద్రమంటే భయమని ఎవరితో చెప్పుకుంటాడు? మోకాలి నొప్పని ఊరంతా చెప్పాం. పొద్దున్నే ఒక్కడే ఒడ్డుకెళ్లి, కాస్త లోతుకు దిగి వచ్చేవాడు. భయం కొంచెం కొంచెంగా వదులుతోంది. ఇంకొన్నాళ్లు ఓపిక పడితే వేటకు వెళ్లేవాడే.

ఆ సంగతి ధనలక్ష్మి ఒక్కదానికే చెప్పాను, కడుపులో పెట్టుకుంటుందని. పడవ నీడన కూర్చుని చేపలు ఏరుతూ చెబుతుంటే ఏడుపొచ్చింది. దాని ఫోను పడవకి ఆనించి ఉంది. రోజూ తనని తాను వీడియో తీసుకునే మనిషే కదా అని నేను పట్టించుకోలేదు. మర్నాటికి నా ఏడుపు ఊళ్లో ప్రతి ఫోనులోనూ ఉంది. వెనకాల ఏడుపుగొట్టు పాట. పైన 'సముద్రానికి భయపడే జాలరి, అతని ఇల్లాలి కన్నీళ్లు' అని అక్షరాలు. నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలైనట్టయింది నా పని.

టీ కొట్టు దగ్గర ఎవరో ఆ వీడియో అసిరయ్యకే చూపించి నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన గడప దాటలేదు. నాతో మాట్లాడడం లేదు.

నేను చేపలమ్మే నెల్లిమర్లలో మిల్లు వెనక వీధిలో కుమారి అని ఒకావిడ ఉంది. నాలుగు కానాగంత చేపల కోసం వీధంతా వినబడేలా నాతో బేరమాడే మనిషి. మొన్న నేనడిగినంతా చేతిలో పెట్టి, "పాపం, వీడియో చూశాను కూర్మమ్మా" అంది. ఒళ్లు మండిపోయింది. నేను అమ్మేది చేపలు, ఏడుపు కాదు.

ఇవాళ పొద్దున్న ఒడ్డు మీద ధనలక్ష్మిని పట్టుకుని ఉతికి ఆరేశాను.

"నానేటి సెడ్డ సేసినానే?" అంది. "ఎంతమంది అయ్యో అంతన్నారో సూడు. లచ్చమంది సూసినారు!"

"మా మావ ముకం సూసినావేటే నువ్వు? నీకు సెప్పుకున్నాను గానీ లోకానికి సెప్పమన్నానా?"

"తీసెయ్యమంటే తీసెత్తాను. ముందు గంపెత్తుకో, ఆటో ఎలిపోతాది."

కళ్లు తుడుచుకుంది కూడా. నా కోపం కాస్త దిగింది. ఎంతైనా ధనలక్ష్మి. తలమీద గుడ్డ చుట్ట పెట్టుకుని గంప మీదికి వంగాను. అప్పుడు కనబడింది. పడవకి ఆనించిన ఫోను మా ఇద్దరి వైపే తిరిగి ఉంది. అందులో ఎర్ర చుక్క వెలుగుతోంది.

"ఏటే అది?"

"ఏటీ నేదే. మనిద్దరం కలిసిపోనామని పెడితే అందరూ సంతోసిత్తారు కదా..."

బూతులు నోటిదాకా వచ్చాయి. అవి కూడా దాని వీడియోకే పనికొస్తాయని మింగేశాను. గంపలో సగం చేపలు దోసిళ్లతో తీసి ఇసుకలో పోశాను. కాకులు దిగాయి. మిగిలిన సగం గంప నేనే ఎత్తి తలమీద పెట్టుకున్నాను. మెడ విరిగినంత పనైంది. అయినా నడిచాను.

"ఒసే కూర్మీ! నా గంప ఎవులెత్తుతారే?" అని వెనక నుంచి అరిచింది.

నేను ఆగలేదు, తిరిగి చూడలేదు.

"లచ్చమంది ఉన్నారు గదే," అన్నాను. "ఆల్లని పిలు."