పెన్సిలు రాత మీద ఎర్రసిరా

కుక్కరు మూడో కూత వేసేసరికి వైదేహి నలభై ఒకటో నోటుపుస్తకంలో ఉంది. ఇంకా నలభై రెండున్నాయి. ఉంగరం పోగొట్టుకున్నానని ఇంగ్లీషులో రాయబోయి ఎవరో పిల్ల 'లూజ్'కు ఒక 'ఓ' ఎక్కువ తగిలించింది. ఉంగరం పోలేదు, వదులైంది. వైదేహి ఆ మాట చుట్టూ సున్నా చుట్టింది.

పెన్సిలుతోనే. ఎర్రపెన్ను ఆమె మొగుడు ఫణికుమార్‌ది. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో అతను పదో తరగతికి ఇంగ్లీషు చెబుతాడు. శనివారం పుస్తకాలన్నీ బియ్యం సంచిలో వేసుకొని స్కూటరు మీద తెస్తాడు. ఆదివారం ఆమె దిద్దుతుంది. సోమవారం పొద్దున కాఫీ తాగుతూ అతను ఆ పెన్సిలు గీతల మీదనే ఎర్రపెన్ను పోనిస్తాడు. సిరా ఆరినాక వైదేహి రబ్బరు తీసుకొని తన రాతను తానే చెరపాలి, రాలిన పొట్టును తానే ఊడ్చాలి. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ఇదే పద్ధతి. ఒకసారి అడిగింది, నేనే ఎర్రపెన్నుతో దిద్దితే సరిపోదా అని. "రెండు చేతిరాతలు కనపడితే పిల్లోళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు. పిల్లలు ఏమనుకుంటారోనన్న బెంగ అతనికి ఉంది. పెళ్లాం ఏమనుకుంటుందోనన్న బెంగ ఎప్పుడూ లేదు.

దిద్దీ దిద్దీ ఆమెకు పిల్లల తప్పులన్నీ కంఠతా వచ్చాయి. ఎక్కువగా తారుమారు చేసే మాటలను ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించింది, డెబ్బై జతలు. ఒక్కో మాటకు ఒక్కో వాక్యం. పుస్తకాల్లో దొరికే వాక్యాలు కావు. కదలకుండా నిలబడిపోయే 'స్టేషనరీ'కి పులివెందుల దారిలో చెడిపోయిన బస్సును పెట్టింది. కాగితాలు, కవర్ల 'స్టేషనరీ'కి జమ్మలమడుగు బస్టాండు ఎదురుగా తాను కాలేజీ రోజుల్లో పెన్నులు కొన్న అంగడిని పెట్టింది. 'ఎక్సెప్ట్' కాడికొచ్చి కాసేపు ఆగి, 'ఇంట్లో అందరూ తిన్నారు, అమ్మ తప్ప' అని రాసింది. ఫణికుమార్ చదివి, "శానా సులభంగా ఉంది, పిల్లోళ్లకు తొందరగా ఎక్కుతాది" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ డెబ్బై జతలనూ స్కూలువాళ్లు చిన్న పుస్తకంగా వేస్తామన్నారు. తన పేరూ వేయించమని మొగుణ్ని అడిగితే అతను నవ్వాడు. "నీ పేరా? ఏందే, వంటల పుస్తకమా అది?"

ఆ ఆదివారం ఆమె దిద్దుతుండగా అత్త తిరుపాలమ్మ వంటింట్లోంచి కేకేసింది. "అమ్మీ, కందిబ్యాళ్లు అయిపోయినాయి. చింతపండు గూడా లేదు. రాసుకో, మళ్లా మర్సిపోతావు." చేతికందిన కాగితం లేదు. వైదేహి ముందున్న పుస్తకం అంచునే రాసుకుంది. తర్వాత చెరపొచ్చులే అనుకుంది. ఇంతలో పాలు పొంగాయి.

సోమవారం ఫణికుమార్ లేటుగా లేచి, గబగబా ఎర్రపెన్ను పోనిచ్చి, రబ్బరు పని కానీకుండానే సంచి ఎత్తుకొని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆ సంచి తిరిగొచ్చింది. అతను దాన్ని ఆమె కాళ్ల ముందు పడేశాడు.

"ఏందే ఇది?"

ఆర్షియా అనే పిల్ల పుస్తకం. అంచున ఎర్రసిరాతో, సారు పెన్నుతోనే: కందిబ్యాళ్లు రెండు కిలోలు, చింతపండు అరకిలో.

"నిండు క్లాసులో లేసి నిలబడి, 'సార్, ఇయ్యి గూడా కన్‌ఫ్యూజ్ అయ్యే మాటలా?' అనింది. స్కూలు స్కూలంతా నవ్వుతాండారు. ప్రిన్సిపాల్ మేడమ్ అన్నీ మళ్లా దిద్దుకోని రమ్మనింది. నీ వల్ల నా పరువు పాయె!"

"నేను పెన్సిలుతో గదా రాసింది" అంది వైదేహి. "దాని మీద ఎర్రపెన్ను ఎవరు దిద్దినారు?"

తిరుపాలమ్మ కలగజేసుకుంది. "మొగోడు నలుగుర్లో తలెత్తుకోని తిరగాల. ఇంత పనికి నీ కండ్లు యాడ పెట్టుకున్యావే?"

"నా కండ్లు పుస్తకంలోనే ఉన్న్యాయి అత్తా. నీ కొడుకు కండ్లు యాడున్న్యాయో అడుగు."

ఎవరూ అడగలేదు. పదకొండేళ్లలో ఆమె దిద్దినదాంట్లో అతను ఒక్క మాటైనా చదవలేదని ఇంట్లో అందరికీ ఒక్కసారిగా తెలిసింది. ఆమెకు మరీ బాగా తెలిసింది. అతను చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, గొంతు తగ్గించాడు.

"సరే, అయిందేదో అయింది. ఇంకమింద చూసుకోని రాయి. ఆ డెబ్బై జతల పుస్తకం ఇయ్యి, రేపు మేడమ్‌కు ఇయ్యాల."

చూసుకొని రాయాలట. చూసుకొని చదువుతానని మాత్రం అతని నోట రాలేదు.

వైదేహి అతని చొక్కా జేబులోంచి ఎర్రపెన్ను తీసింది. తన నోటుపుస్తకం ముందేసుకొని కూర్చుంది. మొదటి జత నుంచి మొదలుపెట్టి, తన పెన్సిలు అక్షరాల మీద తానే సిరా దిద్దుకుంటూ పోయింది. బస్సు, అంగడి, తినని అమ్మ.

"ఏం చేస్తాండావు?"

"దిద్దుతాండా. రేపు మేడమ్ కాడికి నేనే తీసకపోతా. ఏ జతకైనా తేడా ఏందని ఆమె అడిగితే చెప్పేవాళ్లుండాల గదా."

"మరి ఈ సంచి?"

"ఎనభై మూడుండాయి. పెన్సిలు ఆడనే ఉంది, మొదలుపెట్టండి. పెన్ను నా పని అయినంక ఇస్తా."

అట్ట మీద పేరు కోసం వదిలిన గీత ఇన్నాళ్లూ ఖాళీగానే ఉంది. అక్కడ పెన్సిలు రాత లేదు, దిద్దడానికి. వైదేహి నేరుగా సిరాతోనే తన పేరు రాసింది. ఆరేదాకా ఊదింది. రబ్బరు కోసం మాత్రం వెతకలేదు.